ముట్టినట్టు రసీదు

(ఒక పూర్వ విద్యార్థి)

ఈ ఏటి సంచికకు ఏదైనా రాసి పంపమని మన విద్యార్థి సంఘం వారు కబురు చేసినప్పుడు, పాత జ్ఞాపకాలు నాలుగు రాసి పడేద్దామనుకున్నాను. హాస్టలు మెస్సులో నీళ్ళ సాంబారు, వార్షికోత్సవం నాటకంలో ఊడిపోయిన మీసం, ఎన్నికల రాత్రి గోడల మీద సున్నపు రాతలు... ఇవి రాయని పూర్వ విద్యార్థి లేడు కదా! కాని సంపాదకవర్గంలోని అమ్మాయి ఫోనులో ఏ మొహమాటమూ లేకుండా చెప్పేసింది: "సార్, మెస్సు మీద ఇప్పటికే నాలుగు వ్యాసాలు వచ్చాయండి. మీరు చేసే పని గురించి రాయండి. మాకు పనికొచ్చేలా ఉండాలి."

నేను చేసే పని డేటాబేసులు కనిపెట్టుకుని ఉండడం. పెళ్ళికి ముందు మా మామగారు "అంటే ఏం చేస్తావు నాయనా?" అని అడిగితే, "గోదాములో గుమాస్తా పనండీ. ఏ బస్తా ఎక్కడుందో అడిగినవాళ్ళకి చెప్పాలి, ఎవరూ తప్పు బస్తా పట్టుకుపోకుండా చూడాలి" అన్నాను. ఆయన ముఖం కొంచెం చిన్నబోయిన మాట నిజమే గాని, ఇన్నేళ్ళ తరవాత కూడా నా ఉద్యోగానికి అంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ఈ గోదాములో అడిగే ప్రశ్నను క్వెరీ అంటారు. క్వెరీ అడిగినవాడు ఎంతసేపని నిలబడతాడు? ఇన్ని సెకన్లు చూస్తాను, ఆ తరవాత నా దారి నాదే అని ముందే ఒక గడువు పెట్టుకుంటాడు. గడువు దాటితే దాన్ని టైమవుటు అంటారు. పుస్తకాల్లో దీనికి ఒక పేజీ కూడా ఇవ్వరు. ఇంటర్వ్యూల్లో ఎవరూ అడగరు. కాని నా ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో నన్ను నిద్రపోనివ్వని రాత్రులు చాలావరకు ఈ టైమవుటు పుణ్యమే. దాని గురించి రాయాలంటే ముందు ఒక మనియార్డరు సంగతి చెప్పాలి. ఆ సంగతి ఇంతవరకూ ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1993 ఫిబ్రవరి. పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ దగ్గర పడుతోంది. మాది శ్రీకాకుళం జిల్లాలో బస్సు దిగాక ఇంకా మూడు మైళ్ళు నడవవలసిన ఊరు. ఊళ్ళో ఫోను లేదు. నాన్న పోస్టాఫీసున్న ఊరికి నడిచివెళ్ళి నాకు 250 రూపాయలు మనియార్డరు చేశాడు. ఈనాటి విద్యార్థి మిత్రులకు మనియార్డరు ఫారం ఎలా ఉండేదో తెలిసుండదు. దానికి రెండు చిన్న ముక్కలు అంటుకుని ఉండేవి. ఒకటి కూపను. డబ్బు పంపేవాడు దానిమీద నాలుగు మాటలు రాసుకోవచ్చు. అది డబ్బు అందుకున్నవాడి దగ్గరే ఉండిపోతుంది. రెండోది అకనాలెడ్జిమెంటు. అందుకున్నవాడు దానిమీద సంతకం పెడితే అది పోస్టులో వెనక్కి, పంపినవాడి దగ్గరికి పోతుంది. మా ఊళ్ళో దాన్ని "ముట్టినట్టు రసీదు" అనేవారు.

డబ్బు నాకు ఆరో రోజున ముట్టింది. సంతకం పెట్టాను, ఫీజు కట్టాను. నా మట్టుకు వ్యవహారం పూర్తయిపోయింది. కాని ఆ రసీదు దారిలో ఎక్కడో ఏ సంచీలోనో చిక్కుకుంది. నాన్న పన్నెండు రోజులు ఎదురుచూశాడు. "అందిందా లేదా" అని కార్డు రాసి, దాని జవాబు వచ్చేదాకా కూచుంటే ఆఖరు తేదీ దాటిపోతుంది. డబ్బు అందలేదా, కొడుకు ఏడాది పోతుంది. అంది ఉందా, మరో 250 వృథాగా పోతుంది. ఈ రెండు నష్టాలనూ ఆయన తనలో తానే తూచుకుని, శావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి మళ్ళీ 250 పంపాడు. కూపను మీద పెన్సిలుతో రాశాడు: "ముందు పంపినది ముట్టకపోతే ఇది ఫీజుకి. ముట్టి ఉంటే ఇది వెనక్కి పంపించు."

నేను రెండోసారీ సంతకం పెట్టాను. వెనక్కి పంపించలేదు. ఒక ప్యాంటు గుడ్డ, దాని కుట్టుకూలి, నేస్తులతో రెండు సినిమాలు, మిగిలినది ఎలా పోయిందో జ్ఞాపకం లేదు. అడిగితే చెబుదామనుకున్నాను. వేసవి సెలవులకు ఇంటికి వెళితే, గోడకు వేలాడే ఉత్తరాల తీగకు రెండు రసీదులూ గుచ్చి ఉన్నాయి. ఆలస్యంగానైనా మొదటిదీ చేరిందన్నమాట. రెండింటిమీదా నా సంతకమే. నాన్న ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

ఇంక డేటాబేసు సంగతి.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు చేసే మొదటి పొరపాటు, టైమవుటు అంటే "పని జరగలేదు" అని అర్థం చెప్పుకోవడం. అది తప్పు. టైమవుటు అంటే "పని జరిగిందో లేదో నాకు తెలియదు" అని అర్థం. ఇక్కడ గడియారాలు రెండు. అడిగినవాడి చేతికి ఒకటి, పనిచేసే ఇంజను గోడమీద ఒకటి. రెండూ ఒకే మాట మీద నడవాలని ఎక్కడా రాసిలేదు. అడిగినవాడు విసుగెత్తి ఫోను పెట్టేస్తాడు. అవతల ఇంజనుకు ఆ సంగతి వెంటనే తెలియదు. అది లాకు కోసం వరుసలో నిలబడి ఉందనుకోండి, అలా నిలబడే ఉంటుంది. తన వంతు వచ్చాక పని పూర్తిచేసి, జవాబు చెబుదామని నోరు తెరిచినప్పుడు గాని, వినేవాడు లేడని దానికి తెలియదు.

ఈ ముక్క నాకు పుస్తకంలో చదివితే తెలియలేదు. 2011లో తెలిసింది.

అప్పుడు నేను పనిచేసే కంపెనీ ఒక సహకార బ్యాంకుకు లెక్కల సాఫ్ట్‌వేరు రాసి ఇచ్చింది. ఆ చుట్టుపక్కల కాలేజీల ఫీజులు ఆ బ్యాంకులోనే కట్టేవారు. పిల్లల తండ్రులు కౌంటరు దగ్గర చలానా ఇస్తే గుమాస్తా ఒక మీట నొక్కుతాడు. తండ్రి ఖాతాలో ఫీజు తగ్గుతుంది, కాలేజీ ఖాతాలో అంతే పెరుగుతుంది, పద్దు పడుతుంది. ఈ మూడూ ఒకే లావాదేవీ. జరిగితే మూడూ జరగాలి, లేకపోతే ఒక్కటీ జరగకూడదు. ఇక్కడ ఒక చిక్కుంది. తండ్రుల ఖాతాలు వందలున్నా, కాలేజీ ఖాతా ఒక్కటే. డేటాబేసులో అది ఒకే ఒక్క వరుస. దాన్ని ఒకరు మారుస్తున్నంతసేపూ ఇంకొకరు మార్చడానికి వీల్లేదు. లాకు పడుతుంది. మామూలుగా ఆ లాకు రెప్పపాటు కూడా ఉండదు గనక ఎవరికీ తెలియదు.

అంతకు రెండు నెలల ముందు కౌంటర్లలో "టైమవుటు వచ్చింది" అనే ఫిర్యాదులు ఎక్కువయితే నేనొక ఉపాయం చేశాను. ముప్పై సెకన్లలో జవాబు రాకపోతే కనెక్షను తెంచేసి, అదే పనిని మళ్ళీ పంపమని ప్రోగ్రాములో రాశాను. మూడుసార్ల దాకా. ఫిర్యాదులు ఠక్కున ఆగిపోయాయి. మా మేనేజరు నలుగురిలో నన్ను మెచ్చుకున్నాడు కూడా.

ఫీజు ఆఖరు రోజు వచ్చింది. కౌంటర్ల ముందు జనం. అదే సమయంలో మా జట్టులోని ఒక కుర్రాడు కాలేజీ ఖాతాలో ఏదో చిన్న సవరణ చేశాడు. చేసి, కమిట్ అనే మాట కొట్టకుండా టీకి వెళ్ళాడు. టీ తాగడం నేరం కాదు. కాని డేటాబేసు దృష్టిలో అతను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఆ వరుస మీద లాకు అతని పేరునే ఉంది. జిల్లా అంతటి ఫీజులూ ఆ ఒక్క లాకు వెనక నిలబడ్డాయి.

మాది మైఎస్‌క్యూఎల్. అందులో ఇన్నోడిబి అనే ఇంజను లాకు కోసం 50 సెకన్లు ఎదురుచూస్తుంది. మనం మార్చకపోతే అంతే. మా కౌంటరు ప్రోగ్రాము 30 సెకన్లకే ఫోను పెట్టేస్తోంది. లెక్క చూడండి. కౌంటరు తెంచేసుకున్న తరవాత కూడా ఇరవై సెకన్లపాటు ఆ మొదటి విన్నపం బతికే ఉంది, వరుసలోనే ఉంది. దాని వెనకే అదే చలానాకి రెండో విన్నపం వచ్చి నిలబడింది. కుర్రాడు టీ తాగి వచ్చి కమిట్ కొట్టాడు. వరుస కదిలింది. యజమాని వదిలేసిపోయిన విన్నపాలు కూడా బుద్ధిగా తమ పని చేసుకుని కమిట్ అయ్యాయి. వాటి వెనక నిలబడ్డవీ అయ్యాయి. ముప్పైకి పైగా ఖాతాల్లో ఫీజు రెండుసార్లు తగ్గింది.

రెండుసార్లు తగ్గినవాళ్ళ సంగతి ఆ సాయంత్రమే పట్టుకుని, రాత్రికి రాత్రే సరిచేశాం. మా పట్టికకు దొరకనివాడు ఒకడున్నాడు.

ఆయన రైతు. కూతురి ఫీజు కోసం ముందురోజే సరిగ్గా సరిపోయేంత డబ్బు ఖాతాలో వేసుకున్నాడు. ఆయన మొదటి విన్నపం కౌంటరు వదిలేశాక పూర్తయింది. అంటే ఫీజు కట్టేసినట్టే. రెండో విన్నపం వచ్చేసరికి ఖాతా ఖాళీ. కౌంటరుకు చేరిన జవాబు ఈ రెండోదానిదే: "నిల్వ చాలదు." గుమాస్తా తెరమీద ఉన్నది చదివాడు. "నిన్ననే కదా బాబూ వేశాను" అని ఆయన అంటే, "కంప్యూటరు అబద్ధం చెబుతుందా?" అన్నాడట. వెనక నిలబడ్డవాళ్ళు "జరగవయ్యా" అన్నారు. ఆయన ఎరువుల కొట్టుకు పోయి వడ్డీకి అప్పు తెచ్చుకుని, కౌంటరు మూసేలోగా వచ్చి, మళ్ళీ ఖాతాలో వేసి, మళ్ళీ ఫీజు కట్టాడు. ఈ రెండో కట్టుబడి మా ప్రోగ్రాము చేసిన నకలు కాదు, మనిషి తన చేతులారా చేసినది. అందుకే మా పట్టికలో రాలేదు. వారం తరవాత పాసుబుక్కు అచ్చు వేయించుకుంటే రెండు పద్దులు కనబడ్డాయి.

సంగతి వివరించడానికి మా కంపెనీ నన్ను ఆ బ్యాంకుకు పంపింది. డబ్బు తిరిగి వేశాం. అప్పు మీద వడ్డీ కూడా బ్యాంకువాళ్ళే ఇస్తామన్నారు. నేను సర్వరు అనీ, లాకు అనీ ఏదో చెప్పబోయాను. ఆయన నా మాట మధ్యలోనే మెల్లిగా అన్నాడు: "డబ్బు వస్తుందిలే బాబూ. అది కాదు. అందరిముందూ నా ఖాతాలో డబ్బు లేదన్నారు. ఉందో లేదో తెలీటం లేదు, కాసేపు కూచో అంటే, ఆ బల్లమీద కూచునేవాణ్ణి కదా?"

డేటాబేసుల గురించి నేను చదివిన పుస్తకాలన్నిటిలోకీ ఆ ఒక్క మాట ఎక్కువ నేర్పింది. కంప్యూటరుకు రెండే జవాబులు వచ్చని మనం అనుకుంటాం: అవును, కాదు. నిజానికి మూడు. మూడోది "తెలియదు". నా ప్రోగ్రాములో ఆ మూడోదానికి చోటులేదు. తెలియనిదాన్ని నేను "కాదు" అని లెక్కవేసుకున్నాను. ఆ లెక్క ఆయన పరువు మీద పడింది.

తరవాత మేము చేసిన మరమ్మతులు క్రమంగా చెబుతాను. ఉద్యోగాల్లో చేరబోయే మిత్రులకు పనికొస్తాయి.

మా పైవాళ్ళ మొదటి సలహా, ముప్పై సెకన్లను మూడువందలు చేసెయ్యమని. చాలాచోట్ల ఇదే చేస్తారు. గడువు పెంచితే జబ్బు నయం కాదు, జబ్బు కనబడడం ఆలస్యమవుతుంది. డేటాబేసుకు ఒక్కసారి పట్టే కనెక్షన్లు ఇన్ని అని ఉంటాయి. ఉన్న కుర్చీలన్నిటిలోనూ లాకు కోసం ఎదురుచూసేవాళ్ళే అయిదేసి నిమిషాలు కూచుంటే, ఊరికే నిల్వ చూసుకోవడానికి వచ్చినవాడికి కూడా చోటుండదు. మేము దానికి తిరగేసి చేశాం. లోపలి గడియారం ఎప్పుడూ బయటి గడియారం కంటే ముందు మోగాలి. ఇంజను లాకు కోసం చూసే 50 సెకన్లను 10 చేశాం. కౌంటరు ముప్పై అలాగే ఉంచాం. అప్పుడు కౌంటరు విసుగెత్తేలోగానే ఇంజనే "నావల్ల కాలేదు" అని నోరు తెరిచి చెబుతుంది. కచ్చితమైన "కాదు" దొరికితే అనుమానం ఉండదు.

అందులోనూ ఒక గొయ్యి ఉంది. ఇన్నోడిబిలో లాకు గడువు దాటితే 1205 అనే తప్పు వస్తుంది. అది వచ్చినప్పుడు ఇంజను ఆ ఒక్క వాక్యాన్నే వెనక్కి తీస్తుంది గాని, లావాదేవీ మొత్తాన్ని కాదు. తండ్రి ఖాతాలో తగ్గించడం అయింది, కాలేజీ ఖాతాలో పెంచడం దగ్గర గడువు దాటింది అనుకోండి. మన ప్రోగ్రాము తప్పును పట్టించుకోకుండా కమిట్ కొడితే, తగ్గినది తగ్గినట్టే ఉండిపోతుంది. డబ్బు గాలిలో కలుస్తుంది. రెండు లావాదేవీలు ఒకదాన్నొకటి పట్టుకుని డెడ్‌లాకు అయితే మాత్రం (దాని నెంబరు 1213) ఇంజను ఒకదాన్ని పూర్తిగా వెనక్కి తీసేస్తుంది. అన్నదమ్ముల్లాంటి రెండు తప్పులకు రెండు న్యాయాలు! అందుచేత గడువు దాటితే మనమే రోల్‌బ్యాక్ అని స్పష్టంగా చెప్పాలి. మైక్రోసాఫ్టు వారి ఎస్‌క్యూఎల్ సర్వరులోనూ ఇలాంటిదే ఉంది. గడువు దాటి అడిగినవాడు రద్దు చెయ్యమంటే అది పని ఆపుతుంది గాని, ఎక్సాక్ట్ అబార్ట్ అనే మీట ఆన్ చేసి ఉంచకపోతే, మొదలెట్టిన లావాదేవీ లాకులతో సహా తెరిచే ఉండవచ్చు.

తరవాత నేను పోస్ట్‌గ్రెస్ మీద చాలా ఏళ్ళు పనిచేశాను. దాని పద్ధతి కొంచెం పెద్దమనిషి తరహా. స్టేట్‌మెంట్ టైమవుట్ అని ఒక గడువు ఉంది; దాన్ని మనం పెట్టకపోతే సున్నా, అంటే ఎంతసేపైనా సరే. గడువు మోగితే అది పనిచేసేవాడి పీక అక్కడికక్కడ నొక్కదు. ఒక జెండా ఎగరేస్తుంది. పనిచేసేవాడు ప్రమాదంలేని చోటికి వచ్చినప్పుడల్లా ఆ జెండాకేసి చూస్తాడు. ఎగిరి ఉంటే చేస్తున్న పని సర్దుకుని, 57014 అనే నెంబరుతో రద్దయిందని చెబుతాడు. లావాదేవీ మధ్యలో ఇది జరిగితే, మనం రోల్‌బ్యాక్ అనేదాకా ఆ లావాదేవీలో ఇంకే మాటా వినడు. లాకు కోసం వేరే గడువు 2013లోనూ, మా కుర్రాడిలా లావాదేవీ తెరిచి టీకి పోయినవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక గడువు 2016లోనూ వచ్చాయి. ఆ రెండోదాన్ని చూసిననాడు నాకు నవ్వొచ్చింది. ప్రపంచమంతటా టీకి వెళ్ళేవాళ్ళు ఉన్నారన్నమాట!

అక్కడే ఇంకో తమాషా కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్‌కు ఇచ్చిన పనిని మధ్యలో రద్దు చేయమనాలంటే, ఆ కనెక్షను పనిలో ఉంటుంది గనక, వేరే కనెక్షను తెరిచి, పనిచేసేవాడి నెంబరూ, ముందే ఇచ్చిన ఒక రహస్యపు అంకే చెప్పాలి. చెప్పగానే అవతలివాళ్ళు ఏ జవాబూ ఇవ్వకుండా తలుపు వేసేస్తారు. రద్దు అందిందా? అందేలోగా పని అయిపోయిందా? పాత కనెక్షను మీద వచ్చే జవాబును చూసి తెలుసుకోవలసిందే. రద్దు చేయమన్న విన్నపానికి కూడా ముట్టినట్టు రసీదు లేదు.

ఆపిన పనిని వెనక్కి తీయడానికీ టైము పడుతుంది. గంటసేపు లక్షల వరుసలు మార్చిన క్వెరీని చంపేస్తే, ఇన్నోడిబి ఆ మార్పులన్నీ ఒక్కొక్కటే విప్పాలి. అల్లినంతసేపూ విప్పడానికి పట్టవచ్చు, ఎక్కువే పట్టవచ్చు. విసుగెత్తి సర్వరే ఆపేసి మళ్ళీ మొదలెడితే, లేచాక మళ్ళీ ఆ విప్పడమే. పోస్ట్‌గ్రెస్‌లో వెనక్కి తీయడం చిటికెలో అయిపోతుంది. పాత వరుసలు ఉన్నచోటే ఉంటాయి గనక, కొత్తవాటిని చెల్లనివిగా లెక్కవేస్తే చాలు. కాని ఆ చెత్త తరవాత వేక్యూము వచ్చి ఊడవాలి. ఎక్కడైనా పాకీపని ఎవరో ఒకరు చెయ్యవలసిందే.

ఇవన్నీ చేసినా "తెలియదు" అనేది పూర్తిగా పోదు. ఇంజను కమిట్ చేసింది, జవాబు పంపింది, సరిగ్గా అప్పుడే తీగ తెగింది. ఏ గడియారం ఎలా పెట్టినా దీనికి మందు లేదు. 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు ఒక పరిశోధనా పత్రంలో ఈ చిక్కును వివరించారు. 1978లో జిమ్ గ్రే దానికి ఇద్దరు సేనాపతుల సమస్య అని పేరుపెట్టాడు. రెండు కొండల మీద రెండు సేనలు, మధ్య లోయలో శత్రువు. ఇద్దరూ ఒకేసారి దాడిచేస్తేనే గెలుపు. వార్తాహరుడు దారిలో పట్టుబడవచ్చు. "రేపు ఉదయం" అని ఒకడు కబురంపితే, అందినట్టు రెండోవాడు కబురంపాలి. ఆ కబురు అందినట్టు మొదటివాడు మళ్ళీ పంపాలి. ఎన్ని రసీదులు నడిచినా ఆఖరి రసీదు పంపినవాడికి అనుమానం ఉండనే ఉంటుంది. నాన్న అనుమానం ఇదే. ఆయనకు సేనాపతుల సంగతి తెలియదు గాని, పన్నెండు రోజులు ఆ కొండమీద నిలబడ్డాడు.

ఆ జిమ్ గ్రే లావాదేవీల సిద్ధాంతానికి మూలపురుషుల్లో ఒకడు. 1998 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి అందుకున్నవాడు. 2007 జనవరి 28న తల్లి చితాభస్మం సముద్రంలో కలపడానికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా తెరచాప పడవ మీద ఫారలాన్ దీవులవైపు వెళ్ళి తిరిగి రాలేదు. తీరరక్షకదళం వెతికింది. సహోద్యోగులు ఉపగ్రహాలు తీసిన ఫోటోలు ముక్కలుగా చేసి వేలమందికి పంచి వెతికించారు. పడవ దొరకలేదు, మనిషి దొరకలేదు. చివరకు 2012లో ఆయన చనిపోయినట్టు చట్టం లెక్కకట్టింది. చట్టానికి కూడా ఎక్కడో ఒకచోట గడువు పెట్టక తప్పదు. ఇంట్లోవాళ్ళ ఎదురుచూపుకి ఎవరు గడువు పెడతారు?

సరే, అనుమానం పోనప్పుడు ఏం చెయ్యాలి? మళ్ళీ పంపినా నష్టం రాకుండా చూసుకోవాలి. లెక్కల మాష్టారు మనకు ఐడెంపొటెంట్ మాత్రిక అని చెప్పేవారు. తనను తనతో ఎన్నిసార్లు గుణించినా తానే. ఆ మాట నాకు పరీక్షలో తప్ప ఎక్కడా పనికిరాదనుకున్నాను. 2011లో పనికొచ్చింది. ప్రతి చలానాకూ ఒక నెంబరుంది కదా, ఆ నెంబరుకు డేటాబేసులో ఒక పట్టిక పెట్టి, ఒకే నెంబరు రెండుసార్లు పడకుండా యూనిక్ ఇండెక్సు వేశాం. ఫీజు లావాదేవీ మొదలవగానే ముందు ఆ నెంబరు రాస్తుంది. నెంబరు కొత్తదైతే పని చేస్తుంది. పాతదైతే పని చెయ్యకుండా, మొదటిసారి చెప్పిన జవాబే మళ్ళీ చెబుతుంది. మొదటి విన్నపం ఇంకా తేలకుండా వరుసలో ఉంటే, రెండోది దాని వెనక ఆగుతుంది. మొదటిది కమిట్ అయితే ఇది నకలని తేలుతుంది, మొదటిది రద్దయితే దీనికి దారి దొరుకుతుంది. నెంబరు రాయడం, డబ్బు తగ్గించడం, పెంచడం, ఇవన్నీ ఒకే లావాదేవీలో ఉండాలి. నెంబరు వేరుగా రాస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

మళ్ళీ పంపడంలో కూడా అందరూ ఒకే క్షణాన తోసుకోకుండా, ఒకసారికీ ఇంకోసారికీ ఎడం పెంచుతూ, ఆ ఎడాన్ని ఒక్కొక్కరికీ కొంచెం తేడాగా పెట్టాం. చివరగా కౌంటరు తెరమీద ఒక కొత్త మాట చేర్చాం: "ఇంకా తెలియలేదు. చలానా నెంబరుతో కాసేపాగి విచారించండి." మేనేజరు ఆ మాట బాగాలేదన్నాడు, మన సాఫ్ట్‌వేరు చేతకానిదనుకుంటారన్నాడు. నేను పట్టుబట్టి పెట్టించాను.

యూనిక్ ఇండెక్సు పనిచేస్తోందా లేదా అని ఒకే చలానా రెండుసార్లు పంపి పరీక్షించిన రాత్రి, తెరమీద "ఇది ముందే ముట్టింది" అని కనబడింది. నాకు పద్దెనిమిదేళ్ళ కిందటి కూపను గుర్తొచ్చింది. నాన్న ఈ పద్ధతి ఏనాడో కనిపెట్టాడు. "ముందు పంపినది ముట్టి ఉంటే ఇది వెనక్కి పంపించు" అని, రెండోది మొదటిదానికి నకలని పెన్సిలుతో రాసి మరీ పంపాడు. ఆయన చెయ్యవలసినదంతా చేశాడు. నెంబరు చూసి "ఇది ముందే ముట్టింది" అని చెప్పవలసిన పని అందుకున్నవాడిది. ఆ చెప్పనివాణ్ణి నేను.

ఆ సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. భోజనాలయ్యాక అరుగుమీద కూచుని ఎక్కడో మొదలుపెట్టి, ఎలాగో ఆ రెండో మనియార్డరు దగ్గరికి వచ్చాను. నాన్న చుట్ట వెలిగించుకుంటూ విన్నాడు.

"తెలుసురా," అన్నాడు. "రెండు రసీదులూ వచ్చాయి కదా."

"మరి అప్పుడే అడగలేదేం నాన్నా?"

"ఏటని అడుగుతాను? నువ్వే చెప్తావనుకున్నాను."

శావుకారు అప్పు ఎలా తీర్చావని అడిగాను. ఆ ఏడు వేసంగి పెసలు కళ్ళంలోనే తూచి ఇచ్చేశాడట. ఇంట్లోకి గింజ రాలేదట. ఆ మాట అన్నది నాన్న కాదు, లోపల గిన్నెలు సర్దుతున్న అమ్మ. నాన్న "ఊరుకోవే" అన్నాడు. నేను తెచ్చిన డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇప్పుడెందుకు? ఫీజు కట్టీసేవు కదా" అని నవ్వాడు. 2016లో ఆయన పోయారు.

మిత్రులారా, మీలో చాలామందికి ఫోనులో డబ్బు చిటికెలో వస్తుంది. ముట్టినట్టు రసీదు కూడా దానంతటదే పోతుంది. అయినా పంపినవాళ్ళు ఎదురుచూసేది ఆ గంట మోగడం కోసం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. "అందింది, ఫీజు కట్టాను, ఇంత మిగిలింది" అని మీరే ఒక మాట చెప్పండి. ఉద్యోగాల్లో చేరాక, తెలియనిచోట తెలియదని చెప్పే ప్రోగ్రాములు రాయండి. బల్లమీద కూచోడానికి జనం సిద్ధంగానే ఉంటారు.

ఈ వ్యాసానికి సంపాదకులు ఇచ్చిన గడువు నిన్నటితో దాటిపోయింది. అయినా పంపుతున్నాను. అందినట్టు దయచేసి ఒక ముక్క రాయండి. జవాబు రాకపోతే మళ్ళీ పంపను. ముందు ఫోను చేసి అడుగుతాను.